గాలి మార్పు

"సముద్రం కనబడే వంటిల్లు దొరికింది నీకు, చూశావా!" అన్నాడు కీత్.

నేను అప్పటికే మూడో సంచీ పైకి మోసుకొచ్చి, సింకు అంచు పట్టుకుని నిలబడి ఉన్నాను. పొత్తికడుపులో కుట్లు వేసినచోట ఎవరో లోపల్నుంచి దారం లాగుతున్నట్టుంది. కిటికీలోంచి నిజంగానే సముద్రం కనబడుతోంది. బ్రిడ్లింగ్టన్ సముద్రం ఆగస్టులో ఎలా ఉంటుందో అలాగే ఉంది, గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులో. కీత్ నా భుజం తట్టి, ఏదో బహుమతి ఇచ్చిన మనిషిలా ఒక క్షణం ఆగాడు. మెచ్చుకోవాలి కాబోలు. "బావుంది" అన్నాను. అతను తృప్తిపడ్డాడు. "అమ్మకి కాస్త టీ పెట్టు లొరైన్, దారిలో ఒక్క చుక్క తాగలేదు పాపం" అని తన గాలాల సంచీ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. మా ఊరు వేక్‌ఫీల్డ్ నుంచి ఇక్కడిదాకా అతను తన చేత్తో మోసింది ఆ సంచీ ఒక్కటే.

నాకు గర్భసంచి తీసేసి పంతొమ్మిది రోజులైంది. ఆరు వారాలదాకా బరువు ఎత్తకూడదనీ, దేన్నీ తొయ్యకూడదనీ, నీళ్ళు నిండిన కెటిల్‌కి మించి ఏదీ ముట్టుకోవద్దనీ డాక్టరమ్మ చెప్పినప్పుడు కీత్ నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. తల కూడా ఊపాడు. "నేను చూసుకుంటాను డాక్టర్, కంగారు పడకండి" అన్నాడు. ఆ మాటకి డాక్టరమ్మ మొహంలో కనబడిన నవ్వు నాకింకా గుర్తే. మంచి మొగుడు అనుకుంది. నేనూ అనుకున్నాను. ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఇన్నేళ్ళకి నన్ను చూసుకునే మనిషి ఒకడు ఉన్నాడని ఓ రెండు రోజులు నిజంగానే నమ్మాను. ఇంటికొచ్చిన నాలుగో రోజున ఉతకాల్సిన బట్టలు మెషీన్ ముందు కుప్పగా పోసి ఉన్నాయి. "ఏ బటన్ నొక్కాలో తెలీక ఆగాను" అన్నాడు.

రెండేళ్ళు రక్తం పోతూనే ఉంది నాకు. నేను బడి వంటింట్లో పనిచేస్తాను, మూడువందల మంది పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండుతాం. కళ్ళు తిరిగినప్పుడల్లా సామాన్ల గదిలోకి పోయి, పిండి బస్తా మీద కూర్చుని, బస్తాకి మరకైందేమోనని లేచి చూసుకుని మళ్ళీ వచ్చి బంగాళాదుంపలు మెదిపేదాన్ని. ఆపరేషన్ చెయ్యాలన్నారని మా మేనేజర్‌తో చెబితే క్యాలెండర్ వంక చూశాడు. "బడి సెలవుల్లో పెట్టుకోలేవా లొరైన్? టర్మ్ మధ్యలో నీ బదులు మనిషి దొరకడం మహా కష్టం" అన్నాడు. నా గర్భసంచి బడి క్యాలెండర్ ప్రకారం నడుచుకోవాలి. అలాగే పెట్టుకున్నాను. జూలై ఆఖరిదాకా అలాగే రక్తం ఓడుతూ వండాను. వేసవి సెలవులన్నీ మంచం మీదే పోతాయని నేను దిగులుపడితే కీత్ అన్నాడు, "నిన్ను బ్రిడ్లింగ్టన్ తీసుకెళ్తాలే. నాలుగు రోజులు. గాలి మార్పు ఉంటుంది."

ఆ మాట వీధంతా తెలిసింది. పక్కింటివాళ్ళకి చెప్పాడు, తను పనిచేసే టైల్సు గోడౌన్లో చెప్పాడు. తర్వాత ఒక సాయంత్రం, అమ్మని ఒక్కదాన్నీ వదిలి ఎలా వెళ్తాం అన్నాడు. మా అత్తగారు హిల్డాకి డెబ్భై ఎనిమిదేళ్ళు. కాళ్ళు వాచిపోతాయి, వీల్‌చైర్ లేనిదే వీధిలోకి రాలేరు. సరే అన్నాను. రెండు రోజులాగి తమ్ముడు డెరెక్ మాట తెచ్చాడు. పెళ్ళాం వదిలేసి పోయింది, ఒంటరిగా ఉన్నాడు, వాడూ వస్తాడు పాపం అన్నాడు. ఆ ఇంట్లో పాపం అనిపించుకోని మనిషిని నేనొక్కదాన్నే. మొదట అనుకున్నది భోజనం పెట్టే గెస్ట్ హౌస్. కానీ హిల్డాకి బయటివాళ్ళ వంట పడదు, అందుకని వంటిల్లున్న ఫ్లాట్ తీసుకున్నారు. మొదటి అంతస్తు, పద్దెనిమిది మెట్లు. హిల్డాని అన్నదమ్ములిద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. సంచులు నా వంతు. ఏ సంచీలో ఏముందో నీకే కదా తెలుసు అన్నాడు కీత్.

రెండో రోజు కాస్త ఎండ కాసింది. ఓడరేవు దాకా వెళ్ళాం. ఓడరేవు నుంచి పైకి వచ్చే రోడ్డు ఏటవాలుగా ఉంటుంది. కీత్, డెరెక్ కాగితంలో చుట్టిన చిప్స్ తింటూ, రగ్బీ జట్టులో ఎవర్ని తీసెయ్యాలో తేలుస్తూ ముందు నడుస్తున్నారు. వెనక నేను హిల్డా కుర్చీ తోస్తున్నాను. సగం దారిలో ఆగిపోయాను. చక్రం జారకుండా నా తొడతో ఆనించి పట్టుకుని, "కీత్, ఒకసారి పట్టుకో" అన్నాను. అతను వెనక్కి తిరిగి నూనె చేతులు చూపించాడు. "చేతులు జిడ్డుగా ఉన్నాయి, ఇంకెంత, పది అడుగులేగా."

పైన బెంచీ మీద మా వయసు మొగుడూ పెళ్ళాలు ఒక జంట కూర్చుని ఉన్నారు. కీత్ ఎవరితోనైనా ఇట్టే మాట కలుపుతాడు. నేను ఊపిరి తీసుకుంటూ కుర్చీకి బ్రేకు వేసేసరికి వాళ్ళతో నా సంగతే చెబుతున్నాడు. "మా ఆవిడకి పెద్ద ఆపరేషనండీ. మూడు వారాల నుంచి ఒకటే పరుగు నాకు, ఊపిరాడటం లేదనుకోండి. కాస్త విశ్రాంతిగా ఉంటుందని ఇలా తీసుకొచ్చాను."

ఆ బెంచీ మీదావిడ నా వంక చూసి, "అదృష్టవంతురాలివమ్మా. మావాడు వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళడు" అంది. ఆమె మొగుడు ఏదో గొణిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకు మంట. అతను అన్నదానికి కాదు, నేను నవ్వినందుకు. నా చేతులు ఇంకా కుర్చీ పిడిమీదే ఉన్నాయి, చెమట మెడమీంచి వీపులోకి కారుతోంది, కళ్ళున్న ఏ మనిషైనా చూస్తే తెలిసిపోతుంది ఎవరు ఎవర్ని మోస్తున్నారో. ఆ నలుగురి కళ్ళకీ కనబడలేదు. కనబడకుండా చేసింది నా నవ్వే. ముప్పై మూడేళ్ళుగా ఎక్కడ ఏ మాట గుచ్చుకున్నా దానిమీద ఈ నవ్వు కప్పేస్తూ వచ్చాను. అతని తల్లి నా వంట రుచి చూసి ఉప్పు డబ్బా అడిగినప్పుడూ ఈ నవ్వే. "మా లొరైన్ ఉద్యోగం అనేది ఏముందండీ, గిన్నెలు కడగడం" అని అతను గోడౌన్ వాళ్ళ పార్టీలో అన్నప్పుడూ ఈ నవ్వే. ఆ సాయంత్రం బాత్‌రూంలో చూసుకుంటే బట్టకి ఎర్రగా రెండు చుక్కలున్నాయి. కీత్‌తో చెప్పాను. "నిన్నటికి బాగానే ఉన్నావుగా" అన్నాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

మూడో రోజు పొద్దున అన్నదమ్ములు పడవమీద చేపల వేటకి వెళ్ళారు. మధ్యాహ్నం వాన మొదలైంది. తడిసిపోయి, ఎన్నడూ లేనంత సంతోషంగా తిరిగొచ్చారు. కీత్ ఒక ప్లాస్టిక్ బకెట్ తెచ్చి సింకులో కుమ్మరించాడు. పన్నెండు మాకరెల్ చేపలు, ఒకదాని కన్ను ఇంకా మెరుస్తూనే ఉంది. "ఇంత తాజా చేప నీ జన్మలో తిని ఉండవు. పొట్ట చీల్చి, కడిగి, వెన్నలో వేయించు, చాలు, ఇంకేం చెయ్యొద్దు. నీకు శ్రమ ఉండకూడదు" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో బీరు తెరుచుకుని క్రికెట్ పెట్టుకున్నారు.

నేను మొదటి చేప పొట్ట చీల్చాను. వేలు లోపల పెట్టి పేగులు లాగుతుంటే నా కడుపులో మెలిపెట్టింది. బల్లమీద మోచెయ్యి ఆన్చి వంగిపోయాను. హిల్డా అక్కడే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. ఏ వంటింట్లోనైనా ఆవిడకి ఎప్పుడూ అదే చోటు, నేను చేసేది చూస్తూ.

"మా రోజుల్లో ఇలాంటివి చెప్పుకునేవాళ్ళం కాదు పిల్లా" అన్నారు.

"నేనేం చెప్పుకోలేదు హిల్డా. నొప్పి పుట్టింది, వంగాను."

"అరవై రెండులో మేం ఇక్కడికే వచ్చాం. ఊరిబయట మైదానంలో అద్దెకిచ్చే కారవాన్లు ఉండేవి, చక్రాల ఇళ్ళు." ఆవిడ గొంతులో ఎప్పటి గర్వమే ఉంది, నాకు బుద్ధి చెప్పేటప్పటి గర్వం. "నాకప్పుడు ఐదో నెల. మంగళవారం పొద్దున్నే నొప్పులొచ్చాయి. మైదానం చివర మరుగుదొడ్లు ఉండేవి, అక్కడికి నడిచి వెళ్ళాను. అక్కడే అయిపోయింది. అంతా అయ్యాక తువ్వాలు మడిచి కట్టుకుని వెనక్కొచ్చి, మీ మామ వాల్టర్‌కీ, కీత్‌కీ చేపలు వేయించి పెట్టాను. కీత్‌కి నాలుగేళ్ళు. డెరెక్ ఇంకా పుట్టలేదు. వాల్టర్ నన్ను చూసి, పాలిపోయావేంటే అన్నాడు. ఎండ తగిలింది అన్నాను."

చేప నా చేతిలో అలాగే ఉంది. "ఆయనకి చెప్పలేదా?"

"శనివారం ఇంటికెళ్ళాక చెప్పాను. ఏడాదంతా బొగ్గుగనిలో పడుండే మనిషికి వెలుతురు చూసేది ఆ ఒక్క వారం. అది పాడుచెయ్యడమెందుకని." కప్పు సాసర్‌లో పెట్టారు. పెట్టాక కూడా పిడి వదల్లేదు. "ఆడపిల్ల. ఈ రెండు చేతుల్లో ఇమిడింది. ఆ కారవాన్ల యజమాని పెళ్ళాం వచ్చి ఒక కాగితంలో చుట్టి తీసుకెళ్ళింది. ఎక్కడికని నేనడగలేదు. అడగాలని కూడా తెలీలేదు పిల్లా. నాకు ఇరవయ్యారేళ్ళు."

గొంతులో గర్వం ఎక్కడ ఆగిపోయిందో నేను గమనించలేదు. ఆవిడకి కూడా తెలిసినట్టు లేదు. నన్ను దెప్పడానికి మొదలుపెట్టిన కథ మధ్యలో చెయ్యి జారి ఆవిడ ఒళ్ళోనే పడింది. యాభై ఏళ్ళకి పైగా లోపల పెట్టుకున్న మాట అది. నేను చెయ్యి కడుక్కుని ఆవిడ దగ్గరికి వెళ్దామనుకునేలోపు గుమ్మంలో కీత్ కనబడ్డాడు. రెండో బీరుకోసం వచ్చినవాడు ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, విన్నాడు. ఆడపిల్ల అన్నదాకా విన్నాడు.

"చూశావా లొరైన్?" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి అతనికి, నిజంగా గర్వంతో మెరుస్తున్నాయి. "ఆడదంటే అదీ. ఆ తరం ఉక్కు ముక్కలు. ఇప్పుడేమో చిన్న కుట్టు పడితే చాలు ఆరు వారాలట."

హిల్డా తల తిప్పి కొడుకుని చూశారు. పెదవి కదిలింది. "నీకు చెల్లెలురా అది" అన్నారు.

కీత్ ఒక క్షణం తెల్లబోయాడు. తర్వాత ఫ్రిజ్ తలుపు తీశాడు. "అదంతా ఎప్పటి మాటలే అమ్మా, ఇప్పుడెందుకు తవ్వుకోవడం" అని బీరు తీసుకుని, నా వంక తిరిగి, "ఎంతసేపు పడుతుంది? డెరెక్ ఆకలంటున్నాడు" అన్నాడు.

నాకు అరవాలనిపించింది. ఆ చేపని అతని మొహానికి కొట్టాలనిపించింది. కానీ కోపం అంత పెద్దదైనప్పుడు అరుపుగా రాదని ఆ రోజే తెలిసింది నాకు. చల్లగా, సర్దుకుని, చాలా తెలివిగా వచ్చింది. ఆ ముసలావిడని చూస్తున్నాను. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. ఆవిడకి దక్కింది ఏమిటి? యాభై ఏళ్ళ తర్వాత తన బిడ్డ మాట ఎత్తితే, ఆ మాటని కొడుకు ఒక కర్రలా తీసుకుని కోడలి మీద ఎత్తాడు. ఓర్చుకున్నదానికి దొరికే మెప్పు ఇదే. నేను కూడా ఇలాగే ఓర్చుకుంటూ పోతే, రేపొకరోజు నా నెత్తురు చుక్కల్ని కూడా ఇంకెవరో పిల్లకి చూపించి, మా లొరైన్ ఆపరేషనైన మూడు వారాలకే పన్నెండు చేపలు శుభ్రం చేసింది తెలుసా, అంటారు. నన్ను ఉక్కు ముక్క అంటారు. ఉక్కు ముక్కకి నొప్పి ఉండదు. అందుకే అంటారు ఆ మాట.

నేను చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. గదిలోకి వెళ్ళి నా మందులు, రాత్రి వేసుకునే గౌను, టూత్‌బ్రష్, ఒక జత బట్టలు చేతిసంచీలో పెట్టుకున్నాను. బరువు చూసుకున్నాను. కెటిల్ కన్నా తక్కువే. కోటు వేసుకుంటూ వంటింటి గుమ్మంలో ఆగి, "నేను వెళ్తున్నాను హిల్డా" అన్నాను.

ఆవిడ నా చేతిసంచీ చూశారు, కోటు చూశారు. అర్థమైంది. "చేపలో?" అన్నారు అలవాటుగా.

"పట్టినవాళ్ళు ఉన్నారుగా."

కిటికీ వంక చూశారు. తర్వాత, "వాన పడుతోంది, గొడుగు తీసుకెళ్ళు పిల్లా" అన్నారు.

ముందుగది దాటి వెళ్తుంటే కీత్ టీవీ చూస్తూనే, "బయటికా? వచ్చేటప్పుడు పాలు తీసుకురా, అయిపోయాయి" అన్నాడు.

పద్దెనిమిది మెట్లూ ఒక్కొక్కటే దిగాను. సముద్రం ఒడ్డు రోడ్డు వెంబడి గెస్ట్ హౌస్‌లన్నీ వరసగా ఉంటాయి. మొదటి రెండు ఖాళీ లేవు, మూడోదాని కిటికీలో గది ఉందని బోర్డు ఉంది. తలుపు తీసిన ఆవిడ పేరు ఐరిస్. అరవై దాటి ఉంటాయి, మీద పిండి మరకల ఏప్రన్. ఎన్ని రాత్రులు అని అడిగింది. రెండు అన్నాను. నా చెయ్యి పొత్తికడుపు మీద ఉండటం చూసి, సంచీ నా చేతిలోంచి తీసేసుకుంది. "నాకూ ఈ ఆపరేషన్ అయిందిలెండి, తొంభై ఆరులో. కింద గదే ఇస్తాను" అంది. ఇంకేమీ అడగలేదు. ఇంకెవరో పరిచిన దుప్పటి, ఇంకెవరో మడిచిపెట్టిన తువ్వాలు. కోటు విప్పి అలాగే పడుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను గానీ నిద్ర వచ్చింది.

లేచేసరికి ఫోన్లో కీత్ మెసేజ్‌లు తొమ్మిది ఉన్నాయి. పాలు దొరకలేదా. ఎక్కడున్నావ్. చేపలు వాసనొస్తున్నాయి. స్టవ్ వెలగట్లేదు, ఏ స్విచ్. అమ్మ మాత్రలు ఏ రంగువి ఎన్నింటికి. అలిగావా. డెరెక్ చిప్స్ తెచ్చాడులే. ఇదేం పద్ధతి లొరైన్. అమ్మని మంచం మీద ఎవరు పడుకోబెడతారు. నేను తొమ్మిదీ రెండుసార్లు చదివాను, నొప్పిగా ఉందా అనే మాట ఎక్కడైనా తప్పిపోయిందేమోనని. లేదు. తెల్లవి రెండు పొద్దున, పసుపుది ఒకటి రాత్రి అని మాత్రం జవాబు పెట్టాను. హిల్డా కోసం. ఐరిస్ గెస్ట్ హౌస్‌లో ఉన్నాను, క్షేమమే అని కూడా పెట్టాను. తర్వాత బడి వంటింట్లో నాతో పనిచేసే డాట్‌కి ఫోన్ చేశాను. చెప్పాల్సినదంతా చెప్పడానికి ఐదు నిమిషాలే పట్టింది. "వెనక గది ఖాళీగానే ఉంది. మెట్లు లేవు. పిల్లి ఉంది, అది నీ కాళ్ళమీద పడుకుంటుంది, తెలిసే రా. శుక్రవారం నేనే కారు వేసుకొస్తాను" అంది డాట్.

మర్నాడు పొద్దున ఐరిస్ నా ముందు గుడ్లూ, టోస్టూ, వేయించిన టమాటాలూ పెట్టి వెళ్ళింది. నేను సగం తిన్నానో లేదో, కీత్ తడిసిన జాకెట్‌తో భోజనాల గదిలోకి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. పక్క టేబుళ్ళ వాళ్ళు చెంచాలు ఆపారు.

"ఇక్కడ కూర్చుని తింటున్నావా నువ్వు?" అన్నాడు గొంతు తగ్గించి.

"అవును. కూర్చుని తింటున్నాను."

"అక్కడ అమ్మ పరిస్థితేంటి? కాళ్ళ వాపుకి వేసే ఆ బిగుతు మేజోళ్ళు నాకు ఎక్కించడం రాదు. కన్నకొడుకుని, తల్లికి మేజోళ్ళు తొడగడం ఏం బావుంటుంది చెప్పు?"

"నేనూ కన్నకూతుర్ని కాదు కీత్. రోజూ తొడుగుతున్నాను."

"అందరూ చూస్తున్నారు లొరైన్."

"మొన్న బెంచీ దగ్గర కూడా అందరూ చూస్తూనే ఉన్నారు. నువ్వే చూపించావు, నన్నెంత బాగా చూసుకుంటున్నావో." నా గొంతు నాకే కొత్తగా ఉంది, వణకటం లేదు. "డాక్టరమ్మ ఏం చెప్పింది? పక్కనే కూర్చున్నావుగా. చెప్పు."

"ఏదో... బరువులు ఎత్తొద్దనీ..."

"మీ అమ్మ బరువెంత? ఆ కుర్చీ బరువెంత?"

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనబడ్డాడు. ఆ మొహం చూసి జాలిపడటం నాకు బాగా అలవాటు, ఈసారి టీ కప్పు వంక చూశాను. "అమ్మ కూడా నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు" అన్నాడు.

"మాట్లాడారు. నిన్న వంటింట్లో నీతోనే మాట్లాడారు. నీకు వినబడలేదు."

టేబుల్ మీది ఉప్పు డబ్బాని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఐరిస్ వచ్చి, "ఇంకొంచెం టీ పొయ్యనా అమ్మా?" అని నన్నే అడిగింది. పొయ్యమన్నాను. ఆమె వెళ్ళేదాకా కీత్ తల వంచుకునే ఉన్నాడు. తర్వాత చాలా చిన్నగా అడిగాడు.

"ఇంటికి వస్తావా?"

ఈ మనిషి నన్ను ముప్పై మూడేళ్ళలో వేల ప్రశ్నలు అడిగాడు. వంటయిందా, చొక్కా ఎక్కడ, అమ్మకి చూశావా. జవాబు తనకి ముందే తెలియకుండా అడిగిన మొదటి ప్రశ్న ఇది. నేను తొందరపడలేదు. చేతిలో ఉన్న టోస్టు ముక్క పూర్తిగా తిన్నాను. చెయ్యి తుడుచుకున్నాను.

"రాను" అన్నాను.